మైకు కూసినప్పుడు

హిమాయత్‌నగర్ల చిన్న హాలు, ఏసీ పనిచేస్తలేదు.
సారు తెర మీద ప్రపంచపటం పెట్టిండు.
ఒక్కో దేవునికి ఒక్కో రంగు,
ఒక్కో రంగు చుట్టూ నల్లగీత.
టైలరు సుద్దముక్కతోని గుడ్డ మీద గీసినట్టు
ఎక్కడ కత్తెర పడ్తదో చూపించిండు.
"వీళ్ల పద్ధతి వేరు, వాళ్ల పద్ధతి వేరు,
అందుకే యుద్ధం తప్పదు" అన్నడు.
తప్పదు అన్నప్పుడల్లా
ఆ 'ప్ప' కాడ గాలి తగిలి బాక్సులు దబ్బుమన్నయి.
నేను బేసు కొంచెం తగ్గించిన.

నా పని గంతే.
మైకుసెట్టోన్ని ఎవ్వలు ఏమడుగరు.

ముప్పై ఒక్క ఏండ్ల సంది
ఈ పట్నం గొంతులన్నీ నా వైర్లకెల్లే పోయినయి.
లాల్‌దర్వాజల బోనాల నాడు పోతరాజు కేక,
దారుల్‌షిఫాల మొహర్రం ఏడుపు,
గౌలిగూడ గురుద్వారాల పొద్దుగాల కీర్తన,
కార్పొరేటరు తిట్లు, తప్పిపోయిన పిల్లగాని పేరు.
ఏ దేవుని పేరుకూ ఫ్యూజు పోలె.
లోడు ఎక్కువైతెనే పోయింది,
అది కూడ ఎక్కువసార్లు ఐస్‌క్రీము బండోడు
మా లైన్లకెల్లి కరెంటు గుంజుకున్నప్పుడు.

పని నేర్పింది తురాబ్ సాబ్.
శాలిబండల మెట్ల కింద దుకాణం,
ఇద్దరం నిలబడితె మూడోది సోల్డరు పొగ.
అడిగినోనికల్లా అప్పు మీద సెట్టు ఇచ్చేటోడు.
బాకీల బుక్కుల పేర్లు ఉర్దూల, కుడికెల్లి ఎడమకు,
అంకెలు నేను రాసేటోన్ని, ఎడమకెల్లి కుడికి.
నడుమల ఎక్కడనో కలిసేది లెక్క.

కర్ఫ్యూ పెట్టిన ఆ చలికాలం
దుకాణం కాల్చనీకి ఏ నాగరికత వచ్చిందో
నాకైతె కనవడలె.
ముందల నడిచినోడు కనవడ్డడు.
మా గల్లి సాయిలు.
రెండు హారన్లు, ఒక ఆంప్లిఫైరు, పన్నెండు వందల డెబ్బై బాకీ.
దేవుని పేరు అరుసుకుంట వచ్చి
అన్నిటికంటె ముందు బుక్కు అంటువెట్టిండు.
అదే రాత్రి నాలుగు గల్లీల అవతల
ఇంకో దుకాణం, ఇంకో దేవుని పేరు.
అక్కడి బాకీ ఎంతనో నేను లెక్క చూడలె.

అంత బాకీల సంగతే అంటె అది కూడ అబద్ధమే.
సాయిలు కండ్లల్ల ఇంకోటేదో ఉండె,
పైసలకు పుట్టేది కాదు.
దానికి పటంల ఏ రంగు వేస్తరో సారుకే తెల్వాలె.
నేను కిటికీ సందులకెల్లి చూసిన.
చూసి, గొళ్లెం పెట్టిన.

ప్రశ్నలప్పుడు సారు మైకు పట్టుకొని స్టేజి దిగిండు,
సక్కగ బాక్సు ముంగట నిలబడ్డడు.
కీమని కూసింది మైకు.
అందరు చెవులు మూసుకున్నరు.
"బయటి శబ్దం ఏదో చొరబడింది" అన్నడు సారు, నవ్వుకుంట.

బయటిది కాదు సార్.
పరాయి గొంతుకు మైకు ఎన్నడు కూయది.
తన మాటనే బాక్సులకెల్లి తిరిగొస్తె
అదే మింగి, అదే కక్కి, మల్ల మింగి
పెరిగి పెరిగి కత్తైతది.
మొదటి దినమే చెప్పిండు తురాబ్ సాబ్,
"మైకు కూ ఉస్కిచ్ ఆవాజ్ నక్కో సునా బేటా."

నేను పోయి సారు మోచెయ్యి పట్టుకొని
రెండడుగులు పక్కకు జరిపిన. ఆగింది.
ఆయన మల్ల తప్పదు అన్నడు.
బాక్సులు మల్ల దబ్బుమన్నయి.

వైర్లు చుట్టి ట్రాలీల వేసుకొని
నయాపూల్ మీదికెల్లి పోతున్న.
మూసీ వాసన. ఇద్దరు ఆటోలోళ్ల కొట్లాట,
ఇద్దరిదీ ఒకటే తిట్టు.

తురాబ్ సాబ్‌కు ఎనభై దాటినయి, చెవులు పోయినయి.
జుమ్మా నాడు పోతె చాయ్ సాసర్ల పోసి ఇస్తడు.
కిటికీ సంగతి ఇప్పటిదాక చెప్పలె.
చెప్పాలంటె గట్టిగ చెప్పాలె,
గల్లీ అంత వినేటట్టు,
మైకు లేకుంట.